జీమెయిల్ రిమైండర్ ఎక్స్‌టెన్షన్ బీటా ఆఫీసుల్లో పెట్టాం, మా లాప్‌టాప్‌లో వచ్చే రిమైండర్ వాళ్ల దగ్గర రావట్లేదు

వయ్యేరు గట్టు:

అందరికీ నమస్కారం. మాది భీమవరం. నేనూ నా ఫ్రెండూ కలిసి జీమెయిల్ మీద పనిచేసే క్రోమ్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) ఒకటి చేస్తున్నాం. చేసే పనులు మూడే. పంపిన మెయిల్‌కి ఫలానా తేదీలోపు జవాబు రాకపోతే గుర్తుచేయడం, మళ్లీ మళ్లీ రాసే మెయిళ్లని టెంప్లేట్లుగా దాచుకోవడం, ప్రకటనల మెయిళ్లు మధ్యాహ్నం దాకా కనపడకుండా పక్కన పెట్టడం.

ఇది మొదలైంది మా బాబాయి పనిచేసే రొయ్యల ఎగుమతి ఆఫీసులో. అక్కడ డాక్యుమెంట్లు చూసే అక్క ఒకావిడ ఉన్నారు. సరుకు బయల్దేరాక ప్యాకింగ్ లిస్టు, ఇన్‌వాయిస్, హెల్త్ సర్టిఫికెట్, బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, ఓడలో సరుకు ఎక్కించిన పత్రం) డ్రాఫ్టు అన్నీ బయ్యర్‌కి పంపి, ఓకే అని వచ్చేదాకా ఎదురుచూడాలి. అమెరికా వాళ్లు ఆఫీసు తెరిచేసరికి ఇక్కడ మనం ఇళ్లకి వెళ్లిపోతాం కాబట్టి, ఎవరి జవాబు వచ్చిందో ఎవరిది రాలేదో ఆవిడ డైరీలో రాసుకుంటారు. పేజీకి ఎడమ పక్క కంటైనర్ నంబరులో చివరి నాలుగు అంకెలు, ఎదురుగా తేదీ, జవాబు వస్తే ఎర్ర పెన్నుతో కొట్టివేత. ఒక్కటి మర్చిపోతే బీఎల్‌లో తప్పు సరిచేసుకునే టైమ్ దాటిపోతుంది, తర్వాత సవరణకి డబ్బు కట్టాలి. ఆ డైరీ పని ఎక్స్‌టెన్షన్ చేయాలన్నదే మా ఆలోచన.

బీటా, అంటే తొలి పరీక్ష వెర్షన్, ఈ ఆఫీసులోనూ, నరసాపురంలో లేసు ఎగుమతి చేసే ఒకళ్ల దగ్గరా, కడియంలో తెలిసినవాళ్ల నర్సరీలోనూ పెట్టాం. ఇప్పుడు సమస్యలు. రిమైండర్లు మా లాప్‌టాప్‌లో చక్కగా వస్తున్నాయి, వాళ్ల దగ్గర చాలాసార్లు రావట్లేదు, ముఖ్యంగా సాయంత్రం పెట్టి మర్నాడు పొద్దున రావాల్సినవి. రెండోది, జిప్ ఇచ్చి డెవలపర్ మోడ్‌లో (స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోల్డర్ నుంచి) లోడ్ చేస్తున్నాం, దాంతో కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ బండేసుకుని నరసాపురం పోయి ఫోల్డర్ మార్చి రావాల్సి వస్తోంది. జవాబు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి జీమెయిల్ ఏపీఐ (ప్రోగ్రాములు మెయిల్ చదవడానికి గూగుల్ ఇచ్చిన దారి) వాడుతున్నాం, వారం తిరిగేసరికి లాగిన్ పోతోంది, మళ్లీ అనుమతి అడుగుతోంది. అన్నిటికంటే ముఖ్యమైనది, ఎలా ఉందండీ అని అడిగితే అందరూ "బానే ఉందండి" అంటున్నారు, అంతకు మించి ఒక్క మాట రావట్లేదు. తొలి రిలీజులు ఇలాంటి ఆఫీసుల్లో నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


కాకినాడ పోర్టు రోడ్డు:

ముందు ఒక్క ప్రశ్న. మీ లాప్‌టాప్‌లో టెస్ట్ చేసేటప్పుడు సర్వీస్ వర్కర్ (ఎక్స్‌టెన్షన్ కోసం తెర వెనక నడిచే స్క్రిప్టు) లాగ్ చూడ్డానికి డెవ్‌టూల్స్ అనే క్రోమ్ డెవలపర్ విండో తెరిచి పెట్టుకుంటున్నారా? అది తెరిచి ఉన్నంతసేపూ క్రోమ్ ఆ వర్కర్‌ని ఆపదు. మూసేస్తే మాత్రం 30 సెకన్లు ఏ పనీ లేకపోతే ఆపేస్తుంది, అందులో మీరు పెట్టిన సెట్‌టైమౌట్ టైమర్ కూడా దాంతోపాటే పోతుంది, ఎర్రర్ కూడా రాదు. మేనిఫెస్ట్ 3లో, అంటే క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల ఇప్పటి పద్ధతిలో, సర్వీస్ వర్కర్ అంటే పిలిచినప్పుడు వచ్చి పని చేసి వెళ్లిపోయే కూలీ, రాత్రంతా కాపలా ఉండే వాచ్‌మన్ కాదు. మీ దగ్గర పనిచేసి వాళ్ల దగ్గర పనిచేయకపోవడానికి నూటికి తొంభై పాళ్లు ఇదే కారణం అయి ఉంటుంది.

టైమర్లు తీసేసి, గడువు చూసే పని క్రోమ్‌కే అప్పజెప్పే అలారమ్స్ ఏపీఐకి మారండి. క్రోమ్ 120 నుంచి కనీస వ్యవధి 30 సెకన్లు, మీ పనికి అది చాలు. కానీ అలారం పెట్టేసి నిశ్చింతగా కూర్చోకండి. కంప్యూటర్ నిద్రలో ఉంటే అలారం దాన్ని లేపదు, లేచాక మిస్సయినవి మోగుతాయి. బ్రౌజర్ మూసి తెరిస్తే అలారాలు ఉంటాయన్న గ్యారంటీ కూడా లేదు. అందుకని అసలు లెక్క అలారంలో ఉండకూడదు, స్టోరేజ్‌లో ఉండాలి. ఏ మెయిల్‌కి ఎప్పటికి గుర్తుచేయాలో ఆ సమయం ఎక్స్‌టెన్షన్ లోకల్ స్టోరేజ్‌లో (ఆ కంప్యూటర్‌లోనే ఉండేది) రాసి పెట్టండి. బ్రౌజర్ మొదలైనప్పుడు, ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్ అయినప్పుడు, వర్కర్ లేచిన ప్రతిసారీ ఆ జాబితా చదివి, గడువు దాటినవి ఉంటే వెంటనే చూపించాలి, అలారం లేకపోతే మళ్లీ పెట్టాలి. ఒక్కో మెయిల్‌కి ఒక్కో అలారం కూడా వద్దు, కొన్ని నిమిషాలకోసారి లేచి జాబితా చూసే అలారం ఒక్కటి చాలు.

మన వైపు ఆఫీసుల్లో సాయంత్రం వెళ్తూ వెళ్తూ మెయిన్ ఆపేసి వెళ్తారు. క్రోమే లేనప్పుడు ఏ అలారం ఏం చేస్తుంది? కాబట్టి పొద్దున తొమ్మిదింటికి టింగుమని మోగడం అనే ఆలోచనే పక్కన పెట్టండి. ఆవిడ వచ్చి జీమెయిల్ తెరవగానే ఇన్‌బాక్స్ పైన ఒక పట్టీలో "ఈ రోజు అడగాల్సినవి" అని కనపడాలి. విండోస్ నోటిఫికేషన్లని నమ్ముకోవద్దు, డిస్టర్బ్ చేయొద్దు అనే సెట్టింగ్ ఎవరో ఎప్పుడో ఆన్ చేసి ఉంటారు, అది ఎవరికీ గుర్తుండదు.

ఇంకోటి, బయ్యర్ టైమ్ ప్రకారం గుర్తుచేసే సదుపాయం పెడితే "న్యూయార్క్ మనకంటే పదిన్నర గంటలు వెనక" అని అంకె రాసేయకండి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. మనకి ఆ మార్పు లేదు కాబట్టి తేడా ఏడాదిలో కొన్ని నెలలు తొమ్మిదిన్నర, కొన్ని నెలలు పదిన్నర. బయ్యర్ టైమ్ జోన్ పేరు దాచి, లెక్క ఆ రోజు బ్రౌజర్ చేత చేయించండి.


వయ్యేరు గట్టు:

అన్నా, డెవ్‌టూల్స్ మూసి చూశాం. మా దగ్గర కూడా రిమైండర్ ఆగిపోయింది. అదే కారణం. పట్టీ ఆలోచన చాలా బాగుంది, అక్కకి చెబితే "డైరీ తెరిచినట్టే ఉంటుంది కదా" అన్నారు.

ఇంకో చిన్న సమస్య మర్చిపోయా. నర్సరీ వాళ్లు టెంప్లేట్లు తెలుగులో రాసుకుంటున్నారు, మొక్కల పేర్లు, ధరలు, లోడింగ్ ఎప్పుడు అనేవి. ఇంగ్లిష్‌లో ఎంత పొడుగు రాసినా సేవ్ అవుతోంది, తెలుగులో కాస్త పెద్దది రాస్తే సేవ్ కావట్లేదు. సింక్ స్టోరేజ్‌లో (గూగుల్ ఖాతా ద్వారా వేరే కంప్యూటర్లకీ చేరేది) పెడుతున్నాం.


రావులపాలెం నుంచి టెస్టర్:

నేను హైదరాబాద్‌లో టెస్టింగ్ చేస్తాను, ఊరు రావులపాలెం. జిప్‌లు ఇవ్వడం ఈ రోజే ఆపేయండి తమ్ముడూ. డెవలపర్ మోడ్‌లో లోడ్ చేసినదానికి ఐడీ ఫోల్డర్ ఉన్న చోటుని బట్టి వస్తుంది. ఎవరో డెస్క్‌టాప్ సర్దుతూ ఆ ఫోల్డర్‌ని ఇంకో చోటికి జరిపి మళ్లీ లోడ్ చేస్తే ఐడీ మారుతుంది, స్టోరేజ్ ఐడీతో ముడిపడి ఉంటుంది కాబట్టి రిమైండర్లూ టెంప్లేట్లూ అన్నీ ఖాళీగా కనపడతాయి. ఆ ఆఫీసు మళ్లీ మీ మాట నమ్మదు.

క్రోమ్ వెబ్ స్టోర్‌లో డెవలపర్ ఖాతాకి ఒక్కసారి 5 డాలర్లు కడితే సరిపోతుంది. అసలు ఎక్స్‌టెన్షన్ వేరు, బీటా వేరు, రెండు ఐటమ్‌లుగా పెట్టండి. బీటా పేరులోనే బీటా అని ఉండాలి, వివరణలో కూడా రాయాలి, స్టోర్ వాళ్లే అలా అడుగుతారు. ప్రైవేట్‌గా పెట్టి టెస్టర్ల మెయిల్ ఐడీలు ఇవ్వొచ్చు, కానీ ఆ ఖాతాతో లాగిన్ అయి ఉన్నవాళ్లకే కనపడుతుంది. ఒకే కంప్యూటర్‌ని నలుగురు వాడే ఆఫీసుల్లో అది తలనొప్పి. అన్‌లిస్టెడ్ నయం, వెతికితే దొరకదు, లింక్ ఉన్నవాళ్లు పెట్టుకుంటారు. రివ్యూ దీనికీ ఉంటుంది, కాబట్టి రేపు పొద్దున కావాల్సిన వెర్షన్‌ని ఈ రాత్రి ఎక్కించి ఎదురుచూడొద్దు. ఒకసారి ఆమోదం అయ్యాక మాత్రం కొన్ని గంటల్లో అందరి దగ్గరా తనంతట తనే అప్‌డేట్ అవుతుంది, మీకు నరసాపురం ప్రయాణం తప్పుతుంది.

ఒక్క జాగ్రత్త. జిప్ నుంచి స్టోర్‌కి మారితే ఐడీ కొత్తది, పాత డేటా రాదు. ముందు చివరి జిప్‌లో ఎక్స్‌పోర్ట్ బటన్ పెట్టి, ఫైల్ దించి, కొత్తదాంట్లో ఎక్కించాక పాతది తీసేయండి.

అనుమతుల విషయం కూడా ఇప్పుడే ఆలోచించండి. తర్వాతి వెర్షన్‌లో హెచ్చరిక వచ్చే రకం పర్మిషన్ కొత్తగా కలిపితే, యూజర్ ఒప్పుకునేదాకా క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌ని ఆపేసి ఉంచుతుంది. ఆ చిన్న గుర్తు ఆఫీసులో ఎవరూ చూడరు, రిమైండర్లు రావట్లేదు అని మాత్రం మీకు ఫోన్ వస్తుంది. అవసరమైనప్పుడే అడిగే ఆప్షనల్ పర్మిషన్లు వాడండి. అప్‌డేట్ అయిన రోజు ఇంకో తంటా ఉంది. పొద్దున తెరిచిన జీమెయిల్ ట్యాబ్ సాయంత్రం దాకా అలాగే ఉంటుంది, అందులో పాత స్క్రిప్టు ఇంకా బతికే ఉంటుంది కానీ కొత్త ఎక్స్‌టెన్షన్‌తో సంబంధం తెగిపోతుంది. బటన్ నొక్కితే కాంటెక్స్ట్ ఇన్‌వాలిడేటెడ్ అని ఎర్రర్ లోపల పడుతుంది, బయటికి ఏమీ కనపడదు. ఆ ఎర్రర్ పట్టుకుని "పేజీ ఒకసారి రిఫ్రెష్ చేయండి" అని చూపించండి. మీరే రిఫ్రెష్ చేయించకండి, ఆవిడ సగం మెయిల్ రాస్తూ ఉండొచ్చు.

"బానే ఉందండి" గురించి. మన గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చిన కుర్రాడు కష్టపడి చేసినదాన్ని బాలేదని ఎవరంటారు? కాఫీ ఇచ్చి పంపిస్తారు గానీ ఆ మాట మాత్రం అనరు. ఎలా ఉంది అని అడక్కండి. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "నిన్న పంపిన మెయిళ్లలో జవాబు రానివి చూపించరా అక్కా" అనండి, ఆవిడ చెయ్యి ఎటు వెళ్తుందో చూడండి. డైరీ వైపు వెళ్తే మీ ఎక్స్‌టెన్షన్ ఇంకా నమ్మకం సంపాదించలేదని అర్థం. నేను చూసినంతలో మెయిల్ పనిముట్లకి ఇంతకు మించిన టెస్టు లేదు. ఆవిడ డైరీ మానేయాలని తొందరపెట్టకండి, రెండూ పక్కపక్కన నడవనివ్వండి, వారం చివర డైరీలో ఉన్నవీ మీ జాబితాలో ఉన్నవీ వరసగా సరిపోల్చండి. తేడా వచ్చిన ప్రతి ఎంట్రీ ఒక బగ్. ఇంత శుభ్రంగా ఎవరో చేత్తో రాసిపెట్టిన టెస్ట్ డేటా పెద్ద కంపెనీలకి కూడా దొరకదు.


అమలాపురం లిపి:

తెలుగు టెంప్లేట్ల సంగతి నేను చెప్తా. సింక్ స్టోరేజ్‌లో ఒక్కో ఐటమ్‌కి హద్దు 8,192 బైట్లు, మొత్తం కలిపి 1,02,400. ఇంగ్లిష్ అక్షరం ఒక్క బైటు, తెలుగులో ఒక్కో కోడ్ పాయింట్‌కి (అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఇలా కంప్యూటర్ విడిగా దాచే ఒక్కో ముక్కకి) యూటీఎఫ్-8లో 3 బైట్లు. పైగా మనకి కంటికి ఒక అక్షరంగా కనపడేది లోపల ఒకటి కాదు. "లక్ష్మి" అనే మాట కంటికి రెండే అక్షరాలు, లోపల ఏడు కోడ్ పాయింట్లు, అంటే 21 బైట్లు. అందుకే నర్సరీ వాళ్ల ధరల పట్టిక హద్దు దాటేస్తోంది. టెంప్లేట్లు లోకల్ స్టోరేజ్‌కి మార్చండి, అక్కడ 10 ఎంబీ దాకా ఉంది. సింక్‌లో చిన్న చిన్న సెట్టింగులు మాత్రం ఉంచండి. సేవ్ ఫెయిలైతే స్క్రీన్ మీద చెప్పండి, దయచేసి. అరగంట కూర్చుని టైప్ చేసినది చెప్పకుండా పోతే మనిషికి ఎంత బాధ.

టెంప్లేట్ పేరు జాబితాలో పొడుగైతే జావాస్క్రిప్టులో ఇన్ని అక్షరాలని కోసేయకండి, కింద వత్తు ఊడిపోయి పొల్లు మిగులుతుంది. కోసే పని సీఎస్ఎస్‌కి (పేజీ రూపాన్ని చెప్పే కోడ్) వదిలేయండి. షార్ట్‌కట్ కీలు ఉన్నాయా? తెలుగు ఫొనెటిక్‌లో టైప్ చేసేటప్పుడు మాట ఇంకా పూర్తవకముందే మీ షార్ట్‌కట్ మధ్యలో దూరి టెంప్లేట్ అతికించేయొచ్చు. కీ ఈవెంట్‌లో ఈజ్ కంపోజింగ్ అనే గుర్తు ఉంటుంది, అది నిజమైతే ఏమీ చేయకుండా వదిలేయాలి. ఇంగ్లిష్‌లో మాత్రమే టెస్ట్ చేసేవాళ్లకి ఈ బగ్ ఎన్నటికీ కనపడదు.


గౌతమి ఒడ్డు:

వారానికోసారి లాగిన్ పోవడం బగ్ కాదండి. మీ ప్రాజెక్టు గూగుల్ కన్సోల్‌లో (డెవలపర్లు ఏపీఐ అనుమతులు పెట్టుకునే చోటు) టెస్టింగ్ స్థితిలో ఉండి ఉంటుంది. ఆ స్థితిలో టెస్ట్ యూజర్లు 100 మందికి మించరాదు, వాళ్లిచ్చిన అనుమతి 7 రోజులకి గడువు తీరుతుంది. బయటికి పబ్లిష్ చేద్దామంటే, మెయిల్ చదివే స్కోప్‌లు, అంటే అనుమతులు, గూగుల్ కట్టుదిట్టంగా చూసే రిస్ట్రిక్టెడ్ జాబితాలో ఉన్నాయి, వెరిఫికేషన్ కావాలి. డేటా మీ సర్వర్‌కి వెళ్తే బయటివాళ్ల చేత సెక్యూరిటీ అసెస్‌మెంట్ కూడా చేయించుకోవాలి. ఇద్దరు కుర్రాళ్లు, మూడు ఆఫీసుల బీటాకి ఇదంతా ఇప్పుడే నెత్తిన వేసుకోవాలా?

నా మాట వింటే ఈ దశలో ఏపీఐ తీసేయండి. గడువు రోజున ఆ మెయిల్‌ని పట్టీలో చూపించండి, జవాబు వచ్చిందో లేదో ఆవిడే ఒక్క నొక్కుతో చూసి కొట్టేస్తారు, డైరీలో ఎర్ర పెన్నుతో చేసే పని అదే కదా. తనంతట తనే కనిపెట్టడం గొప్పగా ఉంటుంది గానీ, అది ఒక్కసారి పొరపాటుగా "జవాబు వచ్చేసింది" అనుకుని రిమైండర్ తీసేస్తే కంటైనర్ మీద దెబ్బ. బయ్యర్ ఆఫీసులో లేరని వచ్చే ఆటోమేటిక్ మెయిల్ కూడా ప్రోగ్రాముకి జవాబులాగే కనపడుతుంది. గుర్తుచేయడం ఒకసారి ఎక్కువైనా పర్వాలేదు, తక్కువ కాకూడదు.

జీమెయిల్ పేజీలో క్లాస్ పేర్లు అర్థంలేని అక్షరాల గుంపులు, ఎప్పుడైనా మారతాయి, వాటి మీద కట్టుకోవద్దు. ఇన్‌బాక్స్ ఎస్‌డీకే లాంటి రెడీమేడ్ కోడ్ లైబ్రరీలు ఆ భారం మోస్తాయి. పట్టీ పెట్టే చోటు దొరకకపోతే జీమెయిల్‌ని చెడగొట్టకుండా మీరే తప్పుకునేలా రాయండి, జాబితా ఎక్స్‌టెన్షన్ ఐకాన్ నొక్కినా కనపడాలి.

రెండు మూడు ఖాతాలు తెరిచే ఆఫీసుల్లో ఇంకో ప్రమాదం ఉంది. జీమెయిల్ లింకులో వచ్చే సున్నా, ఒకటి అనే అంకెలు లాగిన్ అయిన వరసని బట్టి వస్తాయి. నిన్న సున్నా అయిన ఎగుమతి ఖాతా ఇవాళ ఒకటి కావొచ్చు, మీ రిమైండర్ నొక్కితే ఇంకొకరి మెయిల్ తెరుచుకుంటుంది. అంకె కాదు, మెయిల్ అడ్రస్ దాచండి. మెయిల్‌ని వెతకడానికి దాని మెసేజ్ ఐడీ వాడండి, జీమెయిల్ సెర్చ్ దాన్ని తీసుకుంటుంది.

పంపే బటన్ జోలికి మాత్రం పోవద్దు. తర్వాత పంపు అనే సదుపాయం పెడదామన్న ఆలోచన ఉంటే మానేయండి. జీమెయిల్‌లోనే 2019 నుంచి ఉంది, అది గూగుల్ సర్వర్‌లో నడుస్తుంది, మీ ఆఫీసులో మెయిన్ ఆపేసినా వెళ్తుంది. మీది వెళ్లదు. ఎర్రర్ లాగుల్లో మెయిల్ సబ్జెక్టు కూడా పడనివ్వకండి, ఎగుమతి ఆఫీసు మెయిల్ అంటే ఏ కౌంట్ (సైజు) రొయ్య ఏ రేటుకి అమ్మారో అందులో ఉంటుంది, పోటీవాళ్లు పక్క వీధిలోనే ఉంటారు.


వయ్యేరు గట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ఏపీఐ తీసేస్తున్నాం. ఎక్స్‌పోర్ట్ బటన్‌తో చివరి జిప్ ఇచ్చి, ఆ తర్వాత అన్‌లిస్టెడ్ బీటాకి మారుస్తాం. సర్వీస్ వర్కర్‌ని చేత్తో ఆపేసి, సిస్టమ్ నిద్రపుచ్చి, మెయిన్ కట్టేసి, మూడు రకాలుగానూ టెస్ట్ చేశాకే ఆఫీసులకి పంపుతాం. అక్క డైరీతో సరిపోల్చడం శనివారాలు పెట్టుకుంటాం, ఆవిడ ఒప్పుకున్నారు. ఆఖరిగా ఒకటి. లేసు వాళ్ల దగ్గర ఒక సిస్టమ్‌లో ఫైర్‌ఫాక్స్ ఉంది, దానికీ ఇప్పుడే చేయాలా?


రావులపాలెం నుంచి టెస్టర్:

ఇప్పుడు వద్దు. ఫైర్‌ఫాక్స్‌లో తాత్కాలికంగా ఎక్కించినది బ్రౌజర్ మూసి తెరిస్తే పోతుంది, ఉండాలంటే మొజిల్లా దగ్గర సంతకం చేయించాలి, సొంతంగా పంచుకునే వాటికి కూడా. బ్యాక్‌గ్రౌండ్ కూడా అక్కడ సర్వీస్ వర్కర్ కాదు, ఈవెంట్ పేజీ అనే వేరే పద్ధతి, మళ్లీ అన్నీ మొదట్నుంచి టెస్ట్ చేయాలి. ఆ సిస్టమ్‌లో మెయిల్ పని వరకు క్రోమ్ వాడమని అడగండి. మొదటి శనివారం తేడాలు ఎన్ని వచ్చాయో, ఏ రకంవో ఇక్కడే రాయండి, చూద్దాం.